సందు చివర ఆపిన బండి

చౌటుప్పల్ టీబీ యూనిట్లో నా కుర్చీలో ఇప్పుడు సంధ్య అనే అమ్మాయి కూర్చుంటోంది. నేను రిటైరైన కొత్తలో ఒకసారి ఇంటికొచ్చి, "సార్, మీకు ఇంత సర్వీసుంది గదా, మాలాంటోళ్ల కోసం ఏమన్న రాయరాదుండ్రి" అంది. రాయడానికేముంది అనుకున్నాను. మందుల పేర్లు, కంప్యూటర్లో ఎక్కించే వివరాలు ఆమెకు నాకంటే బాగా తెలుసు. తెలియనిది ఒక్కటే, అది ట్రైనింగులో ఎవరూ చెప్పరు. మనం బాగు చేసిన మనిషి రేపు బజారులో మనల్ని చూసి ముఖం తిప్పుకుంటాడు. బతికున్నంతకాలం తిప్పుకుంటూనే ఉంటాడు. ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లు దానికి సిద్ధపడి రావాలి.

నేను సిద్ధపడి రాలేదు. అందుకే రిటైరయ్యాక చాలాకాలం ఒకే ఆలోచన నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. పాతికేళ్లకు పైగా ఎండనక వాననక తిరిగాను గదా, నా తిరుగుడు వల్ల ఎవరికైనా ఏమన్నా ఒరిగిందా? నేను లేకపోయినా వీళ్ల బతుకులు ఇలాగే గడిచేవా? చెప్పేవాళ్లు లేరు. అడుగుదామంటే ఎవరినీ అడగకూడదు. చివరికి జవాబు దొరికింది గానీ, దొరికిన తీరు నేను కోరుకున్నది కాదు. అదే రాస్తున్నాను.

మా పని

నా పేరు దేవదానం. సొంతూరు కేతేపల్లి. మా బాపు ఊళ్లో పటేళ్ల దగ్గర పాలేరుగా జీతం ఉన్నాడు. నేను మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుని ఆరోగ్యశాఖలో చేరాను. టీబీ సూపర్‌వైజర్ అనగానే కుర్చీలో కూర్చుని ఎవరి మీదో పెత్తనం చేస్తాననుకున్నాడు మా బాపు. తీరా చూస్తే నా పని ఊరూరా తిరిగి, మనుషుల చేత గోలీలు మింగించడం.

నవ్వులాట కాదు. టీబీకి కనీసం ఆరు నెలలు మందు వాడాలి. రెండు నెలలకే దగ్గు తగ్గుతుంది, ఆకలవుతుంది, ఒంటికి కండ పడుతుంది. ఇంకేం, తగ్గిపోయిందని మానేస్తారు. మానేస్తే రోగం మళ్లీ వస్తుంది. ఈసారి మొండికేసి వస్తుంది, పాత మందులకు లొంగదు. అందుకే గోలీలు చేతికిచ్చి వెళ్లిపోవడం కుదరదు. ఎదురుగా నిలబడి మింగించాలి, నోరు తెరిపించి చూడాలి. ఎంత పెద్దమనిషైనా సరే, 'నోరు తెరువయ్యా' అనాలి. ఊళ్లో ఆశా కార్యకర్త చేత ఇప్పించవచ్చు. కానీ ఆమె వస్తే పక్కింటికి తెలుస్తుందని భయపడే ఇళ్లకు నేనే స్వయంగా పోయేవాణ్ణి. అలాంటి ఇళ్లే ఎక్కువ.

ఇక నా బండి. నా బండి ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇంటి పని అయిపోయినట్టే. పొద్దుగూకేసరికి ఆ ఇంట్లో ఎవరూ మంచినీళ్లు ముట్టరు. పిల్లలను పక్కింటి పిల్లలు ఆటకు పిలవరు. ఆడపిల్లకు కుదిరిన సంబంధం ఏదో వంకతో తప్పిపోతుంది. నేను చేరిన కొత్తలో మా పై డాక్టరు ఒకాయన ఉండేవాడు. మాట కరకు, మనసు మంచిది. ఆయన నన్ను ఎదురుగా నిలబెట్టి చెప్పాడు:

"దేవదానం, బండి సందు చివర పెట్టి నడిచి పో. ఊళ్లో పేషంటు నిన్ను పలకరించేదాకా నువ్వు పలకరించకు. నీ ఇంట్ల పెండ్లిల ఎదురుపడ్డా సరే, వాడెవడో నీకు తెల్వదు. మందు ఎంత పని చేస్తదో నీ నోరు మూసుకునుడు గూడ అంత పని చేస్తది."

ఆ మాటను నా సర్వీసంతా నెత్తిన పెట్టుకున్నాను. బండి మీద ఏ బొమ్మా, ఏ రాతా లేకుండా చూసుకున్నాను. ఒక ఊళ్లో కరెంటు బిల్లుల మనిషినయ్యాను. ఇంకో ఊళ్లో విత్తనాల కంపెనీ మనిషిని. ఆ ఊళ్లలో జనం నన్ను పత్తి విత్తనాల గురించి అడిగితే, తెలిసినట్టే తల ఊపి ఏదో ఒకటి చెప్పేవాణ్ణి.

దీని ఫలితం కూడా చెప్పాలి. ఒకసారి నార్కట్‌పల్లి దగ్గర హోటల్లో టీ తాగుతున్నాను. ఎదురు బల్ల మీద ఒకాయన కూర్చున్నాడు. ఒకప్పుడు ఆయన రక్తం కక్కుకుంటుంటే భుజం మీద వేసుకుని దవాఖానకు చేర్చింది నేను. తగ్గేదాకా వెంటబడి మందు మింగించింది నేను. నన్ను చూడగానే సగం తాగిన గ్లాసు అక్కడే పెట్టి లేచిపోయాడు. పక్కన అల్లుడున్నాడు మరి. న్యాయంగా ఆలోచిస్తే ఆయన చేసింది సబబే. కానీ నాకు ఆ పూట టీ చేదుగా తగిలింది. ఇంటికెళ్లి మా ఆవిడ సుగుణ మీద ఉత్తపుణ్యానికి అరిచాను.

బీమా సారు

తెలంగాణ వచ్చిన కొత్తలో సంగతి. చౌటుప్పల్‌కు దగ్గర్లో ఒక మగ్గాల ఊరు. ఊరి పేరెందుకు, ఇప్పటికే నావల్ల కావలసినంత జరిగింది. ఆ ఊళ్లో లక్ష్మమ్మ అనే ఆమె, ఆమె కూతురు రేణుక, ఇద్దరూ గుంటమగ్గం మీద నేసేవాళ్లు. రేణుక తండ్రి అంతకుముందే పోయాడు. పిల్లకు అప్పుడు ఇరవై నిండలేదు. చేతిలో మంచి పనితనం ఉంది, నోట్లో అంతకు మించిన మాటకారితనం ఉంది. దగ్గితే రక్తం పడుతుంటే, తల్లి చూడకుండా చిక్కుపడ్డ నూలుతో తుడుచుకుని పొయ్యిలో వేసేది. తల్లి ఒకనాడు పొయ్యి దగ్గర చూసి, లబోదిబోమని దవాఖానకు తీసుకొచ్చింది. తెమడ పరీక్షలో టీబీ అని తేలింది.

లక్ష్మమ్మ నా కాళ్ల మీద పడింది.

"సారూ, నీ కాల్మొక్త. పిల్లకు సంబంధాలు సూస్తున్న. ఈ ముచ్చట గడప దాటితే దాన్ని ఎవడు చేస్కుంటడు? నేను బాయిల దుంకుడే."

"దాటదక్కా, నేను దాటనియ్య. కని గోలీ మాత్రం నా ముందల మింగాలె."

"మరి నువ్వు ఊకె వస్తుంటే ఎవరని చెప్పాలె?"

"బీమా ఏజెంటునని చెప్పు. బీమా అంటే ఎవ్వరు దగ్గరికి రారు."

అట్లా బీమా సారునయ్యాను. బండి సందు చివర ఆపి, చంకలో పాత బీమా కాగితాలున్న సంచి పెట్టుకుని వెళ్లేవాణ్ణి. మగ్గం ఉన్న గది తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వెలుతురు కావాలి గదా. వీధిలో పోయేవాళ్లందరికీ లోపల ఏం జరుగుతోందో కనబడుతుంది. అందుకని రేణుక ఒక పద్ధతి కనిపెట్టింది. గుంటలో కూర్చుని నేస్తూ నేస్తూ, కింద తొక్కుడుకర్ర తాడు తెగితే ముడేస్తున్నట్టు పడుగు దారాల కిందికి వంగేది. అక్కడ చెంబులో నీళ్లు పెట్టుకునేది. గోలీలు మింగి, తల పైకెత్తి, నా వైపు చూసి ఆవులిస్తున్నట్టు నోరు తెరిచేది. నేను కాగితాల్లో ఏదో చదువుతున్నట్టు ఓరకంటితో చూసేవాణ్ణి.

"నా మీద బీమా ఎంత రాసినవ్ సారూ?" అని అడిగేది నవ్వుతూ.

"నువ్వు నూరేండ్లు బతికితే గని చేతికి రాదు బిడ్డా."

"అయితే మా అమ్మకు లాభం లేదు."

ఆ పిల్ల నవ్వితే గదంతా తేటపడేది. ఆ మందుకు మూత్రం ఎర్రగా వస్తుంది. పక్కింటివాళ్లు మోరీలో పారే నీళ్లు చూస్తారేమోనని లక్ష్మమ్మ ప్రతిసారీ బిందెలకు బిందెలు నీళ్లు కుమ్మరించేది. పక్కింటి ముసలమ్మ కళ్లు మాత్రం నా సంచి మీదే ఉండేవి. ఒకనాడు నన్ను పట్టుకుంది.

"బీమా సారూ, మా ముసలాయన మీద ఒకటి రాయరాదు? ఇయ్యాల్నో రేపో అన్నట్టున్నడు."

"ఆయనకు వయసు దాటింది పెద్దమ్మా."

"మరి నా మీద రాయి."

"నీకు గూడ దాటింది."

"దాటినోళ్లకు గాకపోతే ఎవలికి రాస్తవయ్యా? పోరగాండ్లు సస్తరా?" అని కసిరింది. రేణుక మగ్గం గుంటలో వంగి నవ్వాపుకోలేక దగ్గుతోంది.

మందు పూర్తయింది. పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. మరుసటి ఏడు పెళ్లి కుదిరింది. అబ్బాయి శ్రీకాంత్, చౌటుప్పల్ దగ్గర మందుల ఫ్యాక్టరీలో పని. లక్ష్మమ్మ పట్టుబట్టి నన్ను పెళ్లికి పిలిచింది. మగపెళ్లివాళ్లకు "మా బీమా సారు" అని చూపించింది. నేను పోయి అక్షింతలు వేశాను. రేణుక తలెత్తి నన్నొక స్తంభాన్ని చూసినట్టు చూసి, పక్కన ఫొటో తీసేవాడి వైపు తిరిగింది. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకేమీ బాధ అనిపించలేదు. ఆ పిల్ల పసుపు బట్టల్లో నిండుగా ఉంది. కడుపునిండా తిని, సందు చివర ఆపిన బండెక్కి వచ్చేశాను.

దక్కనివాళ్లు

అందరూ రేణుకలు కారు. లారీ నడిపే ఎల్లయ్య అనే ఆయన మందు మానేస్తే వెతుక్కుంటూ లారీ అడ్డాల వెంట తిరిగాను. దొరికినప్పుడల్లా దండం పెట్టి "రేపట్నుంచి సారూ" అనేవాడు. చివరికి చనిపోయాడు. చావుకు పోతే ఆయన భార్య, "ఆయన బతికున్నప్పుడు ఒకటే ఎంటబడితివి, ఇప్పుడు ఏం మింగిస్తవ్?" అని ఏడ్చింది. అక్కడున్నవాళ్లు నన్ను అప్పులవాణ్ణి అనుకున్నారు. అనుకోనీ అని ఊరుకున్నాను.

బతికినవాళ్లు ముఖం చాటేస్తారు, పోయినవాళ్ల వాళ్లు తిడతారు. కొత్తగా చేరేవాళ్లు ఈ రెంటి మధ్యే బతకాలి. దీన్ని త్యాగమనీ సేవ అనీ పెద్ద మాటలు అంటే నాకు ఒళ్లు మంట. జీతం తీసుకున్నాం, పని చేశాం. కానీ మనిషన్నాక ఎక్కడో ఒకచోట 'నువ్వుంటివి కాబట్టి సరిపోయింది' అని ఒక్కరు అంటే బాగుండుననిపిస్తుంది. నాకు బాగా అనిపించేది.

బస్సులో

కరోనా పోయి జనం మళ్లీ తిరగడం మొదలుపెట్టిన కాలం. లక్ష్మమ్మ ఆ కరోనాలోనే పోయింది. మగ్గాల ఊళ్లో ఆ ఇంటికి తాళం పడింది.

చౌటుప్పల్ అంగట్లో ఒకరోజు రేణుక కనబడింది. నేను గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. మెడ ఎముకలు తేలి ఉన్నాయి. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. ఆ దగ్గు నాకు తెలుసు. కూరగాయలు చూస్తున్నట్టు పక్కకు చేరి, "బిడ్డా, ఒకసారి దవాఖానకు రా" అని నెమ్మదిగా అన్నాను. విననట్టే గబగబా వెళ్లిపోయింది. ఇంకోసారి వాళ్ల వీధి మొదట్లో నిలబడ్డాను. నన్ను చూసి వెనక్కి తిరిగి లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఆమె భయం నాకు అర్థమైంది. ఇప్పటి రోగం బయటపడితే పాత రోగం బయటపడుతుంది. దాచి పెళ్లి చేశారన్న మాట వస్తుంది.

తర్వాత కొద్దిరోజులకు నల్లగొండలో మీటింగు ఉందని బస్సెక్కాను. నా ముందు సీట్లో రేణుక, పక్కన అత్త, ఒళ్లో చిన్నపాప. బస్సు నిండా జనం. రేణుక దగ్గు మొదలుపెట్టింది. అప్పట్లో బస్సులో ఎవరన్నా దగ్గితే అందరూ పాము కనబడ్డట్టు చూసేవాళ్లు. "మాస్కు పెట్టుకోవమ్మా" అని ఒకాయన గదిమాడు. అత్త వెంటనే అందుకుంది: "కరోనా గాదయ్యా, ఫ్యాక్టరీ పొగ పడ్తలేదు. అలర్జీ. ప్రైవేటు దవాఖానల చూపిస్తున్నం."

రేణుక వెనక్కి తిరిగి చూసింది. నన్ను చూసి, కనబడీ కనబడనట్టు తల అడ్డంగా ఊపింది. వద్దని. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. పాతికేళ్లు అదే గదా చేశాను.

అప్పుడు పాప దగ్గింది. రెండుసార్లు దగ్గి, తల్లి మెడలో ముఖం పెట్టుకుంది.

ఇక ఆగలేకపోయాను.

"రేణుకా, దగ్గు ఎప్పటిసంది?"

అత్త తిరిగింది. "ఎవరే ఈయన?"

"అమ్మోళ్ల ఊరికొచ్చే బీమా సారు" అంది రేణుక, నా ముఖం చూడకుండా.

"బీమా గాదమ్మా. నేను టీబీ సూపర్‌వైజర్ని. పెండ్లికి ముందు ఈ పిల్లకు నేనే మందులిచ్చిన. మళ్ల తిరగబెట్టినట్టుంది. బిడ్డకు గూడ పరీక్ష చేపియ్యాలె. ఇయ్యాలనే."

ఒకాయన లేచి కిటికీ అద్దం వెనక్కి లాగాడు. పక్క సీటు వాళ్లు సంచులు తీసుకుని ముందుకు జరిగారు. అత్త చేతులు చాపి రేణుక ఒళ్లోంచి పాపను లాక్కుంది. పాప గుక్కపట్టి ఏడ్చింది. రేణుక చేతులు పాప ఉన్న చోటే అలాగే ఉండిపోయాయి.

రూలు ప్రకారం నేను చేసింది తప్పు. సంధ్యా, నువ్వు చేయకు, ఉద్యోగం పోతుంది. నాది ఎందుకు పోలేదంటే, నా మీద ఫిర్యాదు చేయాల్సిన మనిషికి అప్పుడు మాట్లాడే ఓపిక లేదు.

పరీక్షలో రేణుకకు మొండి టీబీ అని తేలింది. ఇంకొంత ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టరు చెప్పాడు. పాపకు ఏ రోగమూ లేదు. ఉత్త జలుబు.

గోడవైపు తిరిగి

పెద్దమనుషుల్లో పంచాయితీ పెట్టారు. దాచిపెట్టి అంటగట్టారని అత్తింటివాళ్లు అన్నారు. చెప్పేందుకు లక్ష్మమ్మ లేదు. నేను పోయి, ఇది నయమయ్యే రోగమని, కొన్నాళ్లు పాపను కాస్త దూరం ఉంచితే చాలని, దవాఖానవాళ్లు చూసుకుంటారని మొత్తుకున్నాను. శ్రీకాంత్ తల వంచుకుని, "పిల్లనైతే దూరం పెట్టాలె గద సార్, మీరే అంటిరి" అన్నాడు. పాపను వాళ్లు ఉంచుకున్నారు. మగ్గాల ఊళ్లో తాళం తీసి రేణుక ఒక్కతే లోపలికి పోయింది.

మొండి టీబీ మందు ఏడాదిన్నర. ఆ గోలీల్లో ఒకదానికి ఒళ్లంతా నల్లబడుతుంది. పసుపు బట్టల్లో చూసిన పిల్ల ముఖం కమిలిపోయినట్టు అయింది. ఇప్పుడు దాచేది ఏమీ లేదు కాబట్టి నా బండి నేరుగా ఆమె గుమ్మం ముందే ఆపేవాణ్ణి. అది నాకు ఎంత కష్టంగా ఉండేదో చెప్పలేను. ఆమె గోడవైపు తిరిగి మింగేది. అయ్యాక ఇటు తిరిగి నోరు తెరిచేది. మాట మాత్రం లేదు. పక్కింటి ముసలమ్మ కూడా పలకరించడం మానేసింది.

ఒకనాడు తనంతట తానే మాట్లాడింది.

"సారూ, నువ్వు బీమా సారు లెక్కనే ఉంటే అయిపోవు గద."

"సచ్చిపోదువు బిడ్డా."

"సద్దును. నా బిడ్డ నా ఒళ్లె ఉండంగ సద్దును."

నేను ఖాళీ గోలీల రేకు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. నేను అడగకపోతే ఆ పాపకు కూడా అంటుకునేదని చెప్పవచ్చు. చెప్పలేదు. ఆమె అన్నది రోగం గురించి కాదు.

శాలువా

ఆమె మందు ఇంకా కొంత మిగిలి ఉండగానే నేను రిటైరయ్యాను. ఆఫీసులో మీటింగు పెట్టి శాలువా కప్పారు. పై ఆఫీసరు మైకు పట్టుకుని, "దేవదానం గారు ఎన్నో ప్రాణాలు కాపాడారు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మా సుగుణ మొదటి వరసలో కూర్చుంది. ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో అడిగింది.

"గంతమందిని బతికిచ్చినవంటున్నరు గదా, ఒక్కడన్న కానరాలేదేందయ్యా?"

"రాకూడదే. వస్తే వాళ్ల పరువు పోతది."

"రాకూడదా, రారా?"

నేను శాలువా మడతపెట్టుకున్నాను. సుగుణ ఎత్తిపొడవాలని అనలేదు. నా ముఖం చూసి తర్వాత తనే నా చెయ్యి పట్టుకుంది. కానీ ఆ మాట లోపల దిగబడిపోయింది. చర్చిలో కూర్చున్నా అదే, అన్నం తింటున్నా అదే. బతికినవాళ్లలో నాకు బాగా గుర్తున్న మనిషి రేణుక. ఆమె బతికినందుకు సంతోషం లేదు. మరి నేను చేసింది ఎవరికి అక్కరకొచ్చినట్టు?

నా దగ్గు

రిటైరైన మరుసటి ఏడు నాకు దగ్గు పట్టుకుంది. షుగర్ ఎలాగూ ఉంది. జలుబన్నాను, దుమ్మన్నాను. ఊరంతా వెంచర్లు వేసి మట్టి లేపుతున్నారు గదా, అదే అన్నాను. సుగుణ ఊరుకోలేదు. "ఊరోళ్లకైతే చెప్తవు, నీకు చెప్పేటోడు లేడా?" అని దవాఖానకు లాక్కుపోయింది. నాకూ అదే రోగం. ఇన్నేళ్లు ఎదురుగా నిలబడి నోళ్లు తెరిపించి చూశాను, వింతేముంది.

వింత ఏమిటంటే, ఆ సాయంత్రం సంధ్య ఫోన్ చేసి "సార్, రేపు మందులు తెస్తా" అంటే నా నోట వచ్చిన మొదటి మాట.

"బండి సందు చివర పెట్టమ్మా. ఎవరన్న అడిగితే పెన్షన్ కాగితాల పని అని చెప్పు."

"మీరేనా సార్ ఈ మాట అనేది?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. మా మేడ మీద కిరాయికున్నవాళ్లు ఖాళీ చేస్తారు. చర్చిలో పక్కన కూర్చునేవాళ్లు జరుగుతారు. ఇవన్నీ క్షణంలో లెక్కేసుకున్నాను. ఊళ్లల్లో వాళ్లకు 'రోగమే గదా, దొంగతనమా' అని ధైర్యం చెప్పినవాణ్ణి, మా ఇంటి తలుపు దగ్గరికి వేసి గోలీలు మింగాను. సంధ్య నోరు తెరవమని అడగలేదు. పెద్దవాణ్ణని మొహమాటపడింది. అక్కడ తప్పు చేసింది, అడగాలి.

నాలుగైదు రోజులకు సంధ్య, "సార్, నాకు ఊర్లు తిరుగుడు ఎక్కువైంది, రేపట్నుంచి ఇంకొకరిని పంపిస్తా. మన దగ్గర మందు వాడి నయమైనోళ్లను ఇట్ల ఇండ్లకు పంపుతున్నం. మీ పేరు వినంగనే ఒకామె నేను పోతనన్నది" అని చెప్పింది. ఎవరని నేను అడగలేదు. ఎవరైతేనేం, చప్పుడు చేయకుండా వచ్చిపోతే చాలనుకున్నాను.

మరునాడు పొద్దున వీధంతా మేలుకుని ఉన్న వేళ. నల్లా నీళ్లు వచ్చాయి, ఆడవాళ్లు బిందెలతో ఉన్నారు. ఫ్యాక్టరీ బస్సు కోసం మనుషులు నిలబడి ఉన్నారు. మా గేటు దగ్గర్నుంచి గొంతు లేచింది.

"దేవదానం సారూ! టీబీ గోలీలు తెచ్చిన! బయటికి రా!"

కిటికీలోంచి చూశాను. రేణుక. ముఖం ఇంకా పూర్తిగా తేటపడలేదు. ఒంటికి కాస్త కండ పట్టింది. చేతిలో మందుల సంచి. నల్లా దగ్గర బిందెల చప్పుడు ఆగింది. మేడ మీద కిరాయామె పిట్టగోడ మీదికి వంగింది.

నేను పరుగున గేటు దగ్గరికి పోయాను. "జర మెల్లగ బిడ్డా. లోపలికి రా."

"ఎందుకు సారూ? నన్ను బస్సుల అందరి ముందల అడుగలేదా?"

గొంతులో కోపం ఉందో లేదో నాకు తెలియలేదు. గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుంది. గోలీలు అరచేతిలో పోసింది. సుగుణ నీళ్ల చెంబు తెచ్చి ఇచ్చి, తలుపు పక్కన నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

"కూసో. మింగు."

మెట్టు మీద కూర్చున్నాను. వీధి మొత్తం చూస్తోంది. ఆగలేక అడిగేశాను. ఇన్నేళ్లుగా ఎవరినీ అడగకూడనిది.

"బిడ్డా, నేను నీకు మంచి చేసిన్నా, చెడ్డ చేసిన్నా?"

రేణుక రోడ్డు వైపు తిరిగింది.

"గది నాకు తెల్వది సారూ. నా బిడ్డ బడికి పోతాంది. బడి గేటు కాడ నిలబడి సూసొస్తున్న. అది నన్ను గుర్తుపడ్తలేదు. నువ్వు అడగకుంటే సూసేదాన్ని గాదు. అడిగినవ్ కాబట్టి గేటు బయట నిలబడి సూస్తున్న. ఏది మంచో నువ్వే చెప్పు." నా చేతిలో గోలీలు పెట్టింది. "ముందుగాల గివి మింగు."

మింగాను. చెంబు ఎత్తి నీళ్లన్నీ తాగేశాను.

మేడ మీదివాళ్లు ఆ నెలాఖరుకు ఖాళీ చేశారు. చర్చిలో మా బల్ల మీద నేనూ సుగుణా ఇద్దరమే కూర్చుంటున్నాం. రేణుక రోజూ వస్తోంది, రోజూ గేటు దగ్గర్నుంచి అలాగే అరుస్తోంది. ఇంతకాలం నా సర్వీసులో నలుగురి ముందు నన్ను పేరు పెట్టి పిలిచిన పేషంటు ఆమె ఒక్కతే. ఆ పిలుపు కోసమే గదా ఎదురుచూశాను. వచ్చిన మొదటి రోజు తలుపేసుకుని లోపల కూర్చుందామనిపించింది. కూర్చోలేదు.

ఆ రోజు నేను గోలీలు మింగాక, "నోరు తెర్వు సారూ" అంది రేణుక.

వీధి వైపు తిరిగి నోరు తెరిచాను.